నాన్న సిస్టమ్‌ని ఎస్ఎస్‌డీకి మార్చిన మూడు రోజులు

తెనాలిలో మా నాన్నకి చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్ బుక్కులు, విజిటింగ్ కార్డులు, ఈమధ్య ఫ్లెక్సీ డిజైన్లు. అక్కడున్న కంప్యూటర్ 2014లో అసెంబుల్ చేయించింది, నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. మొదట విండోస్ 7 ఉండేది, 2016లో ఉచితంగా అప్‌గ్రేడ్ ఇస్తున్నారంటే విండోస్ 10 అయింది. అప్పటి నుంచి మెల్లమెల్లగా మొరాయిస్తూ వచ్చి, చివరికి స్విచ్ నొక్కిన దగ్గర్నుంచి డెస్క్‌టాప్ కనిపించడానికి ఆరున్నర నిమిషాలు, పేజీలు అమర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టేదాకా వచ్చింది. నాన్న దానికి అలవాటు పడిపోయాడు. సిస్టమ్ ఆన్ చేసి, షాపు ముందు నీళ్లు చల్లి, దేవుడి పటం దగ్గర అగరొత్తులు వెలిగించి, ఎదురు కొట్లో టీ తాగి వచ్చేసరికి మౌస్ పక్కన తిరిగే చక్రం ఆగేది. కానీ కస్టమర్ ఎదురుగా కూర్చుని "ఆ ఫోన్ నంబరు ఒక్కటి మార్చి ఇవ్వండి చాలు" అన్నప్పుడు ఆ ఒక్క నంబరు మార్చడానికి పావుగంట అవుతుంటే నాన్న ముఖం చూడలేకపోయేదాన్ని.

2024 ఉగాదికి ఇంటికి వెళ్లినప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ అన్న గడి 100 శాతం దగ్గర నిలబడిపోయి ఉంది, ప్రాసెసర్ మాత్రం 10 కూడా దాటట్లేదు. అంటే కంప్యూటర్‌కి శక్తి లేక కాదు, డిస్క్ అందించలేక ఆగిపోతోంది. హార్డ్‌డిస్క్ లోపల పళ్లెం గిర్రున తిరుగుతుంటే చిన్న ముల్లు అటూ ఇటూ కదిలి చదవాలి, ఒక్కో చోటికి వెళ్లి అందుకోవడానికి పది మిల్లీసెకన్ల పైమాటే, విండోస్ లేచేటప్పుడు అలాంటి చోట్లు వేలల్లో ఉంటాయి. ఎస్ఎస్‌డీ అంటే చిప్పుల్లో దాచే డిస్క్, అందులో కదిలే భాగమే లేదు, అందుకే ఆ తేడా. ఇదంతా అప్పటికే విని ఉన్నాను కాబట్టి ఒక ఎస్ఎస్‌డీ కొనిస్తే సరిపోతుంది అనుకున్నాను. అదే రోజు డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి చూసేసరికి గుండె జారింది. నీలం రంగులో 'గుడ్' అని ఉండాల్సిన చోట పసుపు రంగు పెట్టె, అందులో 'కాషన్'. కింద సీ5 అనే వరుస చివర 18 అని ఉంది. ఆ అంకెలు పదేసి కాక పదహారేసి లెక్కపెట్టే పద్ధతిలో ఉంటాయి, మన లెక్కలో అది 24. డిస్క్ చదవబోయి చదవలేక, సంగతి తర్వాత చూద్దామని పక్కన పెట్టిన సెక్టార్లు, అంటే డిస్క్ మీది చిన్న చిన్న గడులు, ఇరవై నాలుగు. ఇక అది వేగం గొడవ కాదు, డిస్క్ పోయేలోపు అందులో ఉన్నది బయటికి తీసుకురావాలి.

తెలిసిన రిపేరు అబ్బాయిని అడిగితే "కొత్త దాంట్లో విండోస్ ఫ్రెష్‌గా వేసి ఫైళ్లు కాపీ చేసేద్దాం అక్కా, రెండు గంటల పని" అన్నాడు. మామూలు ఇంట్లో వాడే సిస్టమ్ అయితే నేనూ అదే చెబుతాను, తప్పేం లేదు. డీటీపీ షాపు సంగతి వేరు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్ కాదు. ఫైల్లో నిజంగా ఉండేవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు ముక్కలు, తలకట్టు ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఆ ఫాంట్ ఉంటేనే అది 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు', లేకపోతే అదే వరుస డాలర్ గుర్తులూ, నెత్తి మీద చుక్కలున్న లాటిన్ అక్షరాలూ అయిపోతుంది. నా ల్యాప్‌టాప్‌లో ఒకసారి నాన్న ఫైలు తెరిచి చూశాను కాబట్టి చెబుతున్నాను, పెళ్లికూతురి పేరు ఎక్కడుందో కూడా పోల్చుకోలేం. పైగా పేజ్‌మేకర్ 7 అనేది 2001లో వచ్చిన సాఫ్ట్‌వేర్, ఆ తర్వాత 8 రాలేదు. షాపు మారినప్పుడు దాని సీడీలు, ఫాంట్ల సీడీ, అన్నీ ఏ అట్టపెట్టెలో పోయాయో పోయాయి. వాటితోపాటు నాన్న ఇన్నేళ్లుగా అమర్చుకున్న కీబోర్డ్ సెట్టింగులు, డిజైన్లు గీసే కోరల్‌డ్రాలో రంగుల వరుస, పాత లేజర్ ప్రింటర్ డ్రైవర్, ఇవన్నీ ఫైళ్లు కాపీ చేస్తే రావు. నాన్న వయసు 61. "ఏ బొమ్మ ఎక్కడుందో అక్కడే ఉండాలమ్మా" అన్నాడు. అందుకే ఫ్రెష్ ఇన్‌స్టాల్ వద్దనుకుని, ఉన్నది ఉన్నట్టు మొత్తం డిస్క్‌నే కొత్త దాంట్లోకి దించాలని (దీన్నే క్లోనింగ్ అంటారు) నిర్ణయించుకున్నాను.

ఎప్పుడు చేయాలి అన్నది ఆలోచించాల్సిన పనే లేదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, శ్రావణం మొదలవగానే శుభలేఖలకి జనం వచ్చేస్తారు. ఆ మధ్యలో చేయాలి, ఏదైనా తేడా వస్తే సరిదిద్దుకోవడానికి వారం రోజులైనా చేతిలో ఉండాలి. నా ఉద్యోగం అకౌంట్స్‌లో, హైదరాబాద్‌లో, కంప్యూటర్ బాగుచేయడం నా వృత్తి కాదు. కాబట్టి ఉగాది నుంచి ఆషాఢం దాకా ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు కూర్చుని దీని గురించే చదివాను. నా పాత ల్యాప్‌టాప్ డిస్క్ మీద ఒకసారి మొత్తం పని చేసి చూసుకున్నాను కూడా. ఇది నేను చేసిన పనుల్లో అన్నిటికంటే మంచిది. నాన్న డిస్క్ ముందు కూర్చున్నప్పుడు ఏ స్క్రీన్ తర్వాత ఏ స్క్రీన్ వస్తుందో ముందే తెలిసి ఉండటం వల్ల చేయి వణకలేదు.

ఎస్ఎస్‌డీ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నాను. నాన్న సిస్టమ్‌లో ఉన్నది హెచ్81 మదర్‌బోర్డు, దానికి ఎం.2 స్లాట్ లేదు, కాబట్టి చిన్న కర్రలా ఉండే ఎన్‌వీఎంఈ రకం పనికిరాదు, కేబుల్‌తో తగిలించే రెండున్నర అంగుళాల సాటా రకమే తీసుకోవాలి. ఇక్కడే ఒక పొరపాటు చేశాను. షాపతను 480 జీబీ, 512 జీబీ రెండూ చూపించాడు. నాన్న వాడుకున్న చోటు 190 జీబీ కూడా లేదు కదా, ఎందుకు అదనంగా పెట్టడం అని 480 తీసుకున్నాను. రైల్లో కూర్చున్నాక తట్టింది. క్లోనింగ్ చేసేటప్పుడు ఎంత నిండింది అన్నది కాదు, పార్టిషన్లు, అంటే డిస్క్‌ని విడగొట్టిన భాగాలు, ఎక్కడిదాకా పరుచుకున్నాయి అన్నది లెక్క. 500 జీబీ అని అమ్మే డిస్క్ కంప్యూటర్‌లో 465.8 అని కనిపిస్తుంది, 480ది 447.1 అని కనిపిస్తుంది. నాన్న డిస్క్‌లో 'సి', 'డి', 'ఈ' అని మూడు డ్రైవ్‌లు చివరి అంచుదాకా ఉన్నాయి. అంటే 19 జీబీ దాకా కొత్త దాంట్లో పట్టదు. మీరు కొనేటప్పుడు పాతదాని కంటే ఒక్క మెట్టు పెద్దదే తీసుకోండి, ఆ కొన్ని వందల తేడాకి నాకు ఒక పూట పోయింది.

శుక్రవారం రాత్రి నారాయణాద్రి దిగి, శనివారం పొద్దున్నే షాపుకి వెళ్లి మొదట చేసింది మామూలు కాపీ. క్లోన్ చేయబోతున్నాం కదా ఇది ఎందుకు అనిపిస్తుంది, కానీ క్లోన్‌లో తేడా వచ్చినా, నేనే పొరపాటున ఎదురు దిక్కులో రాసేసినా, నాన్న ఫైళ్లు ఇంకో చోట ఉండాలి. 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చుకున్నాను. మామూలుగా లాగి పడేస్తే ఒక పాడైన ఫైలు దగ్గర ఆగి మొత్తం కాపీ నిలిచిపోతుంది, అందుకని రోబోకాపీ వాడాను. ఇది విండోస్‌లోనే ఉండే కాపీ కమాండ్. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. మనం ఏమీ చెప్పకపోతే అది చదవలేని ఫైలుని పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ప్రతిసారికీ మధ్య 30 సెకన్లు ఆగుతుంది. ఒక్కసారి ప్రయత్నించు, ఒక్క సెకను ఆగు, కాకపోతే వదిలేసి పేరు రాసిపెట్టు అని చెప్పాలి. 'డి', 'ఈ' డ్రైవ్‌లు పూర్తిగా, 'సి' నుంచి డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, ఫాంట్ల ఫోల్డర్, పేజ్‌మేకర్ ఫోల్డర్ తీసుకున్నాను. సాయంత్రానికి అయింది. లాగ్ ఫైల్లో మూడు పేర్లు మిగిలాయి. ఒక ఫొటో, ఒక కోరల్‌డ్రా ఫైలు, ఒక పేజ్‌మేకర్ ఫైలు. వేల ఫైళ్లలో మూడే. ఆ మూడు పేర్లు కాగితం మీద రాసి గోడకి అంటించాను.

ఆదివారం పొద్దున్న డ్రైవ్‌ని కుదించే పని. చివరనున్న 'ఈ' డ్రైవ్‌లో దాదాపు 70 జీబీ ఖాళీ, అందులోంచి 25 జీబీ తగ్గిస్తే మొత్తం 447 లోపలికి వచ్చేస్తుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి 'ఈ' మీద రైట్ క్లిక్, ష్రింక్ వాల్యూమ్. 70 ఖాళీ ఉన్నా 3 జీబీ మాత్రమే తగ్గించగలను అంది. ఎందుకంటే కుదించేటప్పుడు విండోస్ కొన్ని ఫైళ్లని కదపదు, అవి చివర్లో ఎక్కడో కూర్చుంటే అక్కడితో ఆగిపోవాల్సిందే. ఏ ఫైలు అడ్డం పడిందో ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్‌లో 259 నంబరు ఈవెంట్ చూస్తే రాసి ఉంటుంది. ఇక్కడ అడ్డం పడింది పేజ్ ఫైలు. ఎప్పుడో ఎవరో సి లో చోటు చాలట్లేదని ర్యామ్‌కి సాయంగా వాడే ఆ ఫైలుని 'ఈ' లోకి మార్చారు. దాన్ని తీసేసి రీస్టార్ట్ చేస్తే (మళ్లీ ఏడు నిమిషాలు) 60 జీబీ దాకా తగ్గించుకోవచ్చు అని చూపించింది. 25 అని కొట్టి ఓకే అన్నాను. జబ్బు చేసిన డిస్క్ మీద ఇలాంటి పని చేయడం మంచిది కాదు, అది ఫైళ్లని అటూ ఇటూ జరుపుతుంది. ముందురోజు కాపీ చేతిలో ఉంది కాబట్టే ధైర్యం చేశాను.

తర్వాత విండోస్‌లో నడిచే ఒక ఉచిత క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాను. 61 శాతం దగ్గర చదవలేకపోతున్నాను అని ఆగిపోయింది. ఇది ఊహించిందే. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌కి బాగా పనిచేస్తాయి, అరగంటలో తేలుస్తాయి, మీ డిస్క్ 'గుడ్' అని చూపిస్తుంటే ఈ కింద రాసిన గొడవ మీకు అక్కర్లేదు. చెడు సెక్టార్లు ఉన్నప్పుడు వాడాల్సింది డీడీరెస్క్యూ. ఇది లైనక్స్‌లో నడుస్తుంది, పెన్‌డ్రైవ్ నుంచే నడిచే సిస్టమ్‌రెస్క్యూ అనే లైవ్ లైనక్స్‌లో ముందే ఉంటుంది. దీని పద్ధతి నాకు చాలా నచ్చింది. ముందు తేలిగ్గా చదవగలిగినవన్నీ చకచకా తీసుకెళ్లిపోతుంది, ఇబ్బంది పెట్టే చోటు రాగానే దాన్ని గుర్తు పెట్టుకుని దాటేస్తుంది, చివర్లో మళ్లీ వెనక్కి వచ్చి ఆ ముక్కల్ని ఓపిగ్గా ఒక్కొక్కటే ప్రయత్నిస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో, ఏవి మిగిలాయో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. ఆ ఫైలుని ఇంకో పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి, లేకపోతే లైవ్ సిస్టమ్ ఆగిపోగానే అదీ పోతుంది.

ఇంకో సంగతి, సిస్టమ్ ఆపేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కిపట్టి షట్‌డౌన్ కొట్టాలి. విండోస్ 10లో మామూలు షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు, రేపు తొందరగా లేవడానికి సగం నిద్రలో ఉంటుంది, ఆ స్థితిలో కాపీ చేయడం మంచిది కాదు.

మొత్తం పనిలో నాకు నిజంగా టెన్షన్ పుట్టిన క్షణం ఇదే. డీడీరెస్క్యూకి రెండు పేర్లు ఇవ్వాలి, ముందు పాత డిస్క్, తర్వాత కొత్త డిస్క్. తారుమారైతే ఖాళీ ఎస్ఎస్‌డీని తెచ్చి నాన్న పదేళ్ల పని మీద రాసేస్తుంది, "నిజంగానా" అని అడగదు కూడా. లైనక్స్‌లో డిస్క్‌ల పేర్లు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని ఉంటాయి, ఏది ఏదో పేరు చూస్తే తెలియదు. సైజు, మోడల్, సీరియల్ నంబరు పక్కపక్కనే కనిపించేలా జాబితా తెప్పించి, "నాన్నా, పాత డిస్క్ మీద స్టిక్కర్‌లో నంబరు చదువు" అన్నాను. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని, క్యాబినెట్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ లైటు వేసి, ప్రూఫ్ చదివినట్టే ఒక్కో అక్షరం పలికాడు. "ఏడు... కే... రెండు... ఎం. ఎం ఫర్ మంగళగిరి." నేను స్క్రీన్ మీద ఒక్కొక్కటే వేలు పెట్టి సరిచూసుకున్నాను. తర్వాత ఎస్ఎస్‌డీ నంబరు. తర్వాత నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి నేను చదివాను, ఆయన చూశాడు. ముప్పై ఏళ్లుగా ఇద్దరిద్దరు కూర్చుని ప్రూఫ్ దిద్దడం అలవాటైన మనిషి, ఇది ఎందుకు రెండుసార్లు అని అడగలేదు.

ఎంటర్ కొట్టాను. సెకనుకి 100 ఎంబీ పైన వెళ్తోంది. కొత్త డిస్క్ చిన్నది కాబట్టి దాని సైజు దాకానే చదవమని ముందే చెప్పాను. ఇది పాత ఎంబీఆర్ పద్ధతి డిస్క్ కావడం ఇక్కడ కలిసొచ్చింది, పార్టిషన్ల పట్టిక మొదట్లోనే ఉంటుంది. జీపీటీ పద్ధతి అయితే ఆ పట్టిక నకలు ఒకటి డిస్క్ చివర్లో కూడా ఉంటుంది, చివర కత్తిరిస్తే దాన్ని మళ్లీ సరిచేసుకోవాలి. 31 శాతం దగ్గర బయట వాన మొదలైంది, వెంటనే కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యి కుయ్యిమంటోంది. నేను మాట్లాడేలోపే నాన్న లేచి, ఇన్వర్టర్ మీదున్న ఫ్యాను, రెండు ట్యూబ్‌లైట్లు కట్టేశాడు, భారం తగ్గితే ఎక్కువసేపు వస్తుందని. చీకట్లో స్క్రీన్ ఒక్కటే వెలుగుతోంది, ఇద్దరం చెమటలు కక్కుతూ ఆ అంకెలు చూస్తూ కూర్చున్నాం. ఆగిపోయినా మ్యాప్ ఫైలు ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చని నాకు తెలుసు, అయినా కరెంటు వచ్చేదాకా ఊపిరి ఆడలేదు. నలభై నిమిషాలకి వచ్చింది.

61 శాతం దాటుతున్నప్పుడు వేగం ఒక్కసారిగా సున్నాకి పడిపోయి, డిస్క్ లోంచి టిక్కు టిక్కుమని శబ్దం వచ్చింది. పొద్దున ఆ సాఫ్ట్‌వేర్ చచ్చిన చోటు అదే. ఇది మాత్రం కాసేపు తంటాలు పడి, దాటుకుని ముందుకెళ్లింది. రెండు గంటల చిల్లరకి మొదటి విడత అయ్యేసరికి మిగిలింది 196 కేబీ. మళ్లీ మూడుసార్లు ప్రయత్నించమని చెప్పి భోజనానికి వెళ్లాం. తిరిగొచ్చేసరికి 8 కేబీ మాత్రమే మిగిలింది. 480 జీబీలో 8 కేబీ! నాన్నకి అది ఎంతో చెప్పాలనిపించి, "నువ్వు కొట్టిన అన్ని కార్డుల్లో మూడు నాలుగు పేజీల అక్షరాలు పోయినట్టు" అన్నాను.

సోమవారం పొద్దున పాత హార్డ్‌డిస్క్ కేబుళ్లు రెండూ పీకేసి, ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంచి ఆన్ చేశాను. ఇది మర్చిపోవద్దు. రెండు డిస్క్‌లకీ ఒకే గుర్తింపు సంఖ్య ఉంటుంది, రెండూ కలిపి పెడితే విండోస్ గందరగోళపడి ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది, మనం తెలియక దాన్ని ఆన్‌లైన్ చేస్తే సంఖ్య మార్చేస్తుంది, ఆ తర్వాత ఆ డిస్క్ బూట్ కాకపోవచ్చు. హెచ్81 బోర్డులో నాలుగు సాటా పోర్టుల్లో రెండే 6 జీబీపీఎస్‌వి, మిగతా రెండు సగం వేగంవి. నాన్న బోర్డులో రంగు వేరుగా ఉంది, కాబట్టి చూసి సరైన దానికి పెట్టాను.

విండోస్ లేచింది. కానీ బయోస్‌లో (విండోస్ లేవకముందు తెరిచే బోర్డు సెట్టింగులు) చూస్తే సాటా మోడ్ ఐడీఈ అని ఉంది, పాతకాలం పద్ధతి. కొత్త పద్ధతి ఏహెచ్‌సీఐలో ఉంటేనే ఎస్ఎస్‌డీ ఒకేసారి వచ్చిన చాలా అభ్యర్థనలని వరుసలో పెట్టుకుని అందించగలదు. మార్చి సేవ్ చేశాను, నీలం తెర! 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్'. నాన్న వెనకాలే నిలబడి ఉన్నాడు. "ఏమైందమ్మా?" "ఏం కాలేదు నాన్నా, డ్రైవర్ నిద్ర లేవలేదు" అన్నాను. నిజంగా అంతే. ఆ డ్రైవర్ అవసరం రాలేదు కాబట్టి విండోస్ దాన్ని మొదట్లో లేపట్లేదు. మళ్లీ ఐడీఈకి మార్చి లోపలికి వెళ్లి, ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్ కింద సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ చేస్తూ బయోస్‌లో ఏహెచ్‌సీఐ పెట్టాను. సేఫ్ మోడ్‌లో డిస్క్‌కి కావాల్సిన డ్రైవర్లన్నీ తయారుగా ఉంటాయి, అది సరైనదాన్ని పట్టుకుంది. టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్. ఈసారి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. 24 సెకన్లు.

పేజ్‌మేకర్ బొమ్మ ఎక్కడుండాలో అక్కడే ఉంది. నాన్న కూర్చుని, 2017 నాటి ఒక శుభలేఖ తెరిచాడు. క్షణంలో వచ్చింది. అక్షరాలన్నీ ఉన్నాయి, 'బంధుమిత్రుల అభినందనలతో' దాకా. ఏం మాట్లాడలేదు, కింద ఖాళీలో ఒక వరుస కొట్టి చూశాడు, వత్తులు, ఐత్వాలు, 'ఙ' కూడా, అన్నీ పడుతున్నాయో లేదో. పడ్డాయి. ప్రింట్ ఇచ్చాడు, పాత లేజర్ ప్రింటర్ కదిలింది. విండోస్ యాక్టివేషన్ గురించి భయపడ్డాను గానీ అది ముఖ్యంగా బోర్డుకి ముడిపడి ఉంటుంది, డిస్క్ మార్చినంత మాత్రాన అడగలేదు. ట్రిమ్ (చెరిపేసిన చోటు ఖాళీ అయిందని ఎస్ఎస్‌డీకి చెప్పే ఏర్పాటు) పనిచేస్తోందో లేదో కమాండ్‌తో అడిగితే సున్నా అంది, అంటే ఆన్‌లో ఉంది. పేజ్ ఫైలు మళ్లీ సి కి మార్చాను. ఆ తర్వాత నెలలో ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించాను, అది వేరే సంగతి.

గోడకి అంటించిన మూడు పేర్లు మిగిలాయి. కోరల్‌డ్రా ఫైలు బాగానే తెరుచుకుంది, డీడీరెస్క్యూ దాన్ని పూర్తిగా లాగేసింది. ఫొటో పైసగం ఉంది, కింద సగం బూడిద రంగు. అది ఒక పెద్దాయన ఫొటో, వాళ్ల పిల్లలు శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ఇచ్చిన పాత ఫొటోని నాన్న స్కాన్ చేసింది. కాసేపు బాధేసింది. తర్వాత నాన్నకే గుర్తొచ్చింది, ఆ ఫ్లెక్సీ కోరల్‌డ్రా ఫైల్లోకి ఫొటోని తెచ్చి పెట్టాం కదా, అక్కడ ఉండాలి అని. తెరిస్తే ఉంది, పూర్తిగా. అందులోంచి బయటికి ఎక్స్‌పోర్ట్ చేసి అదే పేరుతో పెట్టాం. పేజ్‌మేకర్ ఫైలు మాత్రం ఎంత చేసినా తెరుచుకోలేదు. 2015లో ఒక బడి వార్షికోత్సవానికి వేసిన ఆహ్వానపత్రిక.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, ఆ ప్రాసెసర్‌కి విండోస్ 11 ఇవ్వరు. అందుకని ఇప్పుడు ఆ సిస్టమ్‌కి ఇంటర్నెట్ తీసేశాం, వాట్సాప్‌లో వచ్చే ఫొటోలు, మెయిళ్లు నా పాత ల్యాప్‌టాప్‌లో దించుకుని, స్కాన్ చేసి, పెన్‌డ్రైవ్‌లో మార్చుకుంటున్నాడు. ప్రతి శనివారం ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టి డెస్క్‌టాప్ మీదున్న ఒక బొమ్మ డబుల్ క్లిక్ చేస్తే కొత్తగా చేసినవన్నీ కాపీ అయ్యేలా రోబోకాపీని రాసిపెట్టాను. ఎస్ఎస్‌డీ వేసుకున్నాం కదా ఇక బ్యాకప్ ఎందుకు అనుకోవద్దు. హార్డ్‌డిస్క్ పోయేముందు టిక్కు టిక్కుమని చెబుతుంది చాలాసార్లు, ఎస్ఎస్‌డీ ఏ శబ్దమూ లేకుండా ఒక పొద్దున కనిపించకుండా పోగలదు. పాత హార్డ్‌డిస్క్‌ని చెరపలేదు. నాన్న దాన్ని కవర్లో పెట్టి, పైన స్కెచ్ పెన్‌తో '2014 నుంచి 2024, తీయవద్దు' అని రాసి బీరువాలో శుభలేఖల శాంపిల్ ఆల్బమ్ పక్కన పెట్టాడు.

ఆ సోమవారం సాయంత్రం నేను రైలుకి బయల్దేరే ముందు షాపుకి వెళ్తే, నాన్న ఆ ఆల్బమ్ ముందేసుకుని ఉన్నాడు. అందులో ఆ వార్షికోత్సవం కార్డు అచ్చు కాపీ ఒకటి అంటించి ఉంది. దాన్ని చూస్తూ మళ్లీ మొదటి నుంచి కొడుతున్నాడు. "ఇంతవరకు ఎవరూ అడగలేదు కదా నాన్నా, ఎందుకిప్పుడు?" అన్నాను.

"అడిగితే లేదని చెప్పలేను కదమ్మా" అన్నాడు, తల తిప్పకుండానే. బార్డర్ ఒకటి సరిగ్గా కుదరక రెండుసార్లు మార్చాడు. నలభై నిమిషాల్లో పూర్తి చేసి, 'ఈ' డ్రైవ్‌లో అదే ఫోల్డర్‌లో, అదే పేరుతో సేవ్ చేసి, గోడ మీది కాగితం తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.